గుండయ్య జేబులో వాల్వు చక్రం

ఛత్రినాక గల్లీలో ఉండే గుండయ్యకు కోపం వస్తే చేతిలో ఉన్న చెంబు నీళ్ళు మరిగేవి. పొయ్యి అక్కర్లేదు. అబద్ధమాడితే మోకాళ్ళ మీద నిలబెట్టే కాన్వెంటు సిస్టర్ల దగ్గర చదువుకున్నవాణ్ణి కాబట్టి కొంచెం తగ్గిస్తాను: మరిగేవి కాదు, గోరువెచ్చనయ్యేవి. అదీ ఎండాకాలంలో. కోపాన్ని మాత్రం రవ్వంత కూడా తగ్గించలేను.

డెబ్బైల చివర్లో చాంద్రాయణగుట్ట దారిలో ఒక కాన్పుల ఆసుపత్రి ఉండేది. నేను స్టోరు చూసేవాణ్ణి, గుండయ్య బాయిలర్ చూసేవాడు. ఎవరో చలిదేశపు దాత ఆ భవనానికి వేడినీటి పైపులు వేయించాడు. బాయిలర్‌లో కాగిన నీళ్ళను పంపు తోస్తే, అవి గదుల్లోని ఇనుప రేడియేటర్లలో తిరిగి, గదులను వెచ్చబరిచి వెనక్కి వచ్చేవి. మొదట ఆఫీసు గది, తర్వాత వార్డు, చిట్టచివర నెలలు నిండని పిల్లల గది. వేడినీళ్ళు ఆపడానికి గదికో వాల్వు.

ఒక డిసెంబరులో ఆ చివరి గది చల్లబడిపోయింది. అందులో కార్వాన్ నుంచి కాన్పుకొచ్చిన రాజమణి కూతురు ఉంది, పిల్లికూనంత పిల్ల. నర్సు కళావతి వేడినీళ్ళ సీసాలకు గుడ్డ చుట్టి పిల్ల పక్కన పెట్టి, బాయిలర్ గదికొచ్చి అరిచింది.

"గుండయ్యన్నా, పైపు ముట్టుకుంటే ఐసు లెక్కుంది. పిల్లకేమన్నయితే నీ పేరే చెప్త!"

గుండయ్యకు తెలిసిన మందు ఒక్కటే. ఛత్రినాకలో నల్లా నీళ్ళు సన్నగా వస్తే అందరూ వేసే మందే అది. పక్కింటివాడు నీళ్ళు గుంజడానికి నల్లాకు మోటారు పెడితే, మనం అంతకన్నా పెద్దది పెట్టాలి. అతని ఇంటి మోటారు మోగితే గల్లీ గల్లీ అంతా లేచి కూర్చునేది. ఇక్కడా అదే చేశాడు. పాత పంపు పీకేసి, బావి కోసం కొన్న పెద్ద పంపును నన్నడక్కుండానే స్టోరులోంచి మోసుకెళ్ళి బిగించాడు.

పైపులు రంకెలేశాయి. ఆఫీసు గదిలో మేనేజరు గోపాలకృష్ణమూర్తిగారు చొక్కా విప్పి బనియనుతో కూర్చున్నారు. చివరి గది పైపు మాత్రం చల్లగానే ఉంది.

గుండయ్య పానా నేలకేసి కొట్టాడు. "ఎవడో వాల్వు తిప్పుతుండు! దొరికిండంటే చేతులిరగ్గొడ్త!"

"ఎవడు తిప్పలే," అంది కళావతి. ఆమెదీ ఆ గల్లీయే, చివరి ఇల్లు. "నీ మోటారు మోగితే నా నల్లాల గాలొస్తది. ముందున్నోడే అంత గుంజుకుంటడు. గిక్కడ ముందున్నోడు ఆఫీసు. పంపు పెంచితే పండుగ గాళ్ళకే!"

"నా ఇంటి లొల్లి గిక్కడెందుకు?"

"గా పిల్ల సల్లబడ్డంక మాట్లాడుకుందామా?"

గుండయ్య పళ్ళు కొరికాడు. కానీ వెళ్ళి పాత పంపునే మళ్ళీ బిగించాడు. ఆఫీసు గది వాల్వును దాదాపు మూసేశాడు, వార్డుది సగం మూశాడు. కాసేపటికొకసారి చివరి గదికి పోయి పైపుకు చెంప ఆనించి చూశాడు. సాయంత్రానికి చెంపకు వెచ్చగా తగిలింది.

మర్నాడు మళ్ళీ చల్లబడింది. గుండయ్య ఆఫీసు గది తలుపు తోసుకుని వెళ్ళాడు.

"ఏవయ్యా, వాల్వు బిగించేశావేం?" అన్నారు మూర్తిగారు. "చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. నేనే తిప్పాను."

"ఎంత తిప్పిన్రు?"

"ఎంతేవిటి? పూర్తిగా!"

గుండయ్య వంగి వాల్వు బిగించాడు. దాన్ని తిప్పే చక్రం ఊడదీసి ఖాకీ నిక్కరు జేబులో వేసుకున్నాడు.

"శాలువ కప్పుకోండ్రి సార్. గా పిల్లకు శాలువ సాలదు."

"ఉద్యోగం ఊడుతుంది జాగ్రత్త!"

"ఊడగొట్టుండ్రి. చక్రం మాత్రం ఇయ్య."

చలి పోయేదాకా ఆ చక్రం జేబులోంచి కదల్లేదు. రాజమణి కూతురు రిక్షాలో కార్వాన్ వెళ్ళేనాటికి ఆసుపత్రి గోడలదిరేలా ఏడవడం నేర్చింది. ఛత్రినాకలో గుండయ్య మోటారు మోగడం మానేసింది. కళావతి ఇంట బిందెలు నిండాయి. తన బిందెలు సగంలోనే ఆగిపోయాయని గుండయ్య భార్య ఆగమ్మ నా ముందే అతన్ని తిట్టింది.

ఇదంతా రాసి మొన్న గుండయ్యకు చదివి వినిపించాను. చివరిదాకా విని చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"గిదంత అబద్ధం. పంపు నేను మార్చలే. మా ఇంట్ల మోటారే లేకుండె. చక్రం ఏంది, సార్‌తోని లొల్లేంది? నాకు జిందగీల కోపమే రాలే. గిది ఎవరికన్నా సూపెట్టినవో, చేతులిరగ్గొడ్త!"