కుంకుమ పెట్టిన సీడీ

ఈ రోజు దొడ్డబళ్ళాపురం వెళ్ళి మా మొదటి కస్టమర్‌ని పోగొట్టుకుని వచ్చాను.

నేనూ నా పార్ట్‌నరూ వైట్‌ఫీల్డ్‌లో ఒక గది తీసుకుని పన్నుల సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. మొదట్లో అది ఒకే పని చేసేది. నూలు వ్యాపారులకు వ్యాట్ రిటర్న్ తయారుచేసి పెట్టేది. దాన్ని నమ్మి అందరికంటే ముందు కొన్నది దొడ్డబళ్ళాపురం నూలు వ్యాపారి నారాయణప్పగారు. ఆ బజారులో సగం దుకాణాలైనా చేతికి రాకముందే మేం సర్వీస్ టాక్స్, టీడీఎస్, ఆదాయపు పన్ను, పక్క రాష్ట్రాల వ్యాట్, అన్నీ కలిపేశాం. ఆయన కంప్యూటర్లో పాతది తీసేసి కొత్తది ఎక్కించాం.

"దీంట్లో నాది యాడుండాదో ఎతికేకే పొద్దు పోతాదప్పా. ముందు ఇచ్చినావే, అదే పెట్టు" అన్నారాయన ఈ రోజు నేను వెళ్ళగానే.

పాతది మా దగ్గర లేదు. దాని మీదే కొత్తది కట్టుకుంటూ పోయాం. ఆ సంగతి చెప్తే ఆయన నవ్వి, దేవుడి పటం వెనక నుంచి మా పాత సీడీ తీశారు. ఆయుధపూజ రోజు కంప్యూటర్‌తో పాటు దానికీ కుంకుమ బొట్లు పెట్టారు, అదీ మెరిసే వైపు. ఎంత తుడిచినా లాభం లేకపోయింది. డ్రైవ్ కాసేపు గిర్రున తిరిగి ఆగిపోయింది.

"పోనీలేప్పా, మళ్ళా చేత్తోనే రాసుకుంటా" అని కాఫీ ఇప్పించి పంపారు.

మేం చేసినవాటిలో పూజకు నోచుకున్నది అదొక్కటే.

తిరిగి వస్తుంటే బస్సులో ఉండగా పార్ట్‌నర్ ఫోన్ చేశాడు. ఎక్సైజ్ కూడా కలిపేద్దామా అని అడిగాడు. ఏం చెప్పమంటారు?