ఆల్బమ్‌ల ర్యాంకుల దగ్గర లేచిన చెయ్యి

రెండేళ్ల కిందట ఒక ఆదివారం, చెన్నై పెరంబూరులోని మా ఇంట్లో నలుగురం కూర్చుని, మేం పిచ్చిగా అభిమానించే ఒక ప్రయోగాత్మక రాక్ సంగీతకారుడి ఆల్బమ్‌లకు ర్యాంకులు ఇస్తున్నాం. నేను మొదటి ర్యాంకు ఇచ్చిన ఆల్బమ్‌ను నా భార్య తమ్ముడు మురళి అట్టడుగుకు నెట్టాడు.

“అదేం సంగీతం బావా? మిక్సీ తిరిగినట్టు ఉండాది!”

అందరూ నవ్వారు. అవమానంతో ఒళ్లు తెలియక, పక్కనున్న ఇనుప స్టూలు ఎత్తి అతని తలకేసి కొట్టాను. చెవి చీలి రక్తం చిమ్మింది. మళ్లీ ఎత్తబోతే మిగతా ఇద్దరూ నన్ను నేలకు అదిమిపట్టారు.

ఆస్పత్రిలో డాక్టరు అడిగితే, “మెట్ల మీద జారినా సార్” అన్నాడు మురళి.

మొన్న అతని పక్కన కూర్చుని ఏదో చెబుతుంటే, “ఈ పక్కకి రా బావా, ఆ చెవి వినపడదు” అన్నాడు మామూలుగా. కొట్టిన చేతిని ఎక్కడ దాచుకోవాలో నాకు తెలియలేదు.