ఆర్విల్ టాకెట్ నడుము

ఆర్విల్ టాకెట్‌ను కుశలం అడగకూడదు. "బాగున్నావా?" అన్న పాపానికి అక్కడికక్కడే వెనక్కి తిరిగి నడుము అప్పగించేవాడు.

"కాస్త చెయ్యి వేసి చూడు. పట్టేసింది."

కెంటకీ కొండల్లోని ఆ ఆస్టియోపతిక్ వైద్య కళాశాలలో మందులతో, శస్త్రచికిత్సలతో పాటు, ఒంట్లో బిగుసుకున్న చోటును వేళ్లతో కనిపెట్టి సడలించడం కూడా నేర్పుతారు. ఇరవయ్యేళ్లు బొగ్గు లారీ నడిపిన ఆర్విల్ నలభై ఆరో ఏట అక్కడ మొదటి సంవత్సరంలో చేరాడు. చేరింది ఆ నడుముకు ఉచిత వైద్యం కోసమేనని తోటివాళ్లు తేల్చేశారు.

భోజనశాలలో మొక్కజొన్న రొట్టె పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడే, వెనకున్నవాడికి వీపు ఆనించేవాడు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు కరచాలనానికి చెయ్యి చాస్తే, ఆ చేతికి నడుము అందించాడట.

"అనాటమీ గదిలో శవాలే నయం. పడుకున్న చోట పడుంటాయి. ఈయన వెంటపడతాడు," అనేవాడు తోటి విద్యార్థి డార్నెల్.

అందరికంటే ఎక్కువ విసుక్కునేది మార్లిస్ రాట్లిఫ్. రాత పరీక్షల్లో ఎప్పుడూ ఆ అమ్మాయే ఫస్టు. నిద్రలో లేపి అడిగినా కండరాల పేర్లన్నీ అప్పజెప్పేది. చిక్కల్లా చేతులతోనే. ఎవరి వీపు తడిమినా బల్లచెక్క తడిమినట్టే ఉండేది. చేతి పరీక్ష ఒకసారి తప్పింది. ఇంకోసారి తప్పితే ఏడాది మొత్తం మళ్లీ చదవాలి. ఆ అవమానం పడలేక, మానేస్తానని కాగితం రాసుకుని ఆఫీసుకు బయలుదేరింది.

మెట్ల మీద అడ్డం వచ్చాడు ఆర్విల్. "అమ్మాయ్, ఒక్కసారి కుడివైపు..."

"నా బతుకు మునిగిపోతుంటే నీ నడుము గొడవేంటి పెద్దాయనా!"

"నీ బతుకు సంగతి నాకు తెలీదు. నడుము మాత్రం నాదే. నొప్పిగా ఉంది."

వదిలించుకోడానికి చెయ్యి వేసింది. వేళ్లు ఆగిపోయాయి. చర్మం కింద తాడు ముడిలా ఏదో గట్టిగా తగిలింది.

"ఇక్కడా?"

"అబ్బా! అక్కడే తల్లీ!"

కాగితం సంచిలోకి వెళ్లింది.

ఆ రోజు నుంచి మూడు వారాలు, మధ్యాహ్నం కాగానే ఆర్విల్ ప్రత్యక్షం. ఒకరోజు నొప్పి భుజం దగ్గర, ఇంకోరోజు పక్కటెముకల పక్కన. తప్పు చోట నొక్కితే "ఊహూఁ" అనేవాడే తప్ప మొహమాటానికి ఒప్పుకునేవాడు కాదు.

"ఇది నడుమా, సర్కస్ డేరానా? రోజుకో చోటికి మారుతోంది!" అనేది మార్లిస్. తిడుతూనే వెతికేది. వెతికి సడలించేది.

పరీక్ష రోజు ముక్కూ మొహం తెలియని రోగి వీపు మీద చేతులు పెట్టి, మూడు చోట్లు చూపించింది మార్లిస్. పరీక్ష పెట్టే డెబ్బై ఏళ్ల హేజ్‌లెట్ మేడం అవే చోట్లు తానూ తడిమి, కళ్లజోడు తీసేసింది.

"మూడోది ముందు నాకే దొరకలేదు. ఈ చేతులు మా కాలేజీవని చెప్పుకోడానికి నాకు గర్వంగా ఉంది."

ఆ మాట ముందుగా ఆర్విల్‌కే చెప్పాలని మార్లిస్ బండ్లు నిలిపే చోటికి పరుగెత్తింది. అతను గుర్రాల దాణా బస్తా ఎడమ భుజానికెత్తుకుని తన పాత లారీ చుట్టూ తిరుగుతున్నాడు. దింపాడు. మళ్లీ ఎడమ భుజానికే ఎత్తుకున్నాడు.

"పెద్దాయనా! ఏంటిది?"

బస్తా జారి కింద పడింది. "డార్నెల్‌కు ఎల్లుండి పరీక్ష. ఎడమవైపు పట్టేసిన చోటు ఎంతకీ దొరకడం లేదట వాడికి."

మార్లిస్ బస్తా వంకా, అతని భుజం వంకా చూసింది. "అయితే... నాకు?"

"నీకు కుడివైపు మోశాను. ఆ పక్కటెముకలది మాత్రం కష్టపడ్డాను. లారీ కింద వంకరగా పడుకోవాల్సొచ్చింది."

ఆమె కళ్లు తుడుచుకుని లారీ వెనక తలుపు కిందికి దించింది. "పడుకో. ఈ మార్లిస్ చేతులేమిటో ఇప్పుడు చూద్దువుగాని. క్షణంలో తీసేస్తా."

ఆర్విల్ నడుము రెండు చేతులా పట్టుకుని వెనక్కి గంతేశాడు.

"ముట్టుకోకు! నువ్వు తీసేస్తే రేపు వాడు వెతుక్కోడానికేం మిగులుతుంది?"