ఇదెంత బరువురా?

మెట్రో ఇంకా రాని గ్రేటర్ నోయిడాలో, మా కాలేజీ రేసుకారు జట్టుకు కెప్టెన్ ఓ గుంటూరు సీనియర్. ఏ భాగం చూపించినా "ఇదెంత బరువురా?" అనేవాడు. హాస్టల్ మెస్ తక్కెడ తెచ్చి బోల్టులు కూడా తూచేవాడు. బరువు తగ్గాలని మేము బ్రేక్ పెడల్‌కు చిల్లులు వేస్తుంటే, తను నాలుగో ఆలూ పరాఠా తింటూ అజమాయిషీ చేసేవాడు.

ఆ కారు నడపాలని రెండేళ్లుగా కలలు కన్నదీ తనే. టెస్టింగ్ రోజు తను సీట్లో కూర్చోగానే కారు అడుగుభాగం నేలకు ఆనింది. అన్న మెల్లగా దిగి, బక్కపలచని నా చేతిలో హెల్మెట్ పెట్టాడు.

"ఠీక్ హై. ఈ కార్లో చిల్లులు పెట్టలేని భాగం నేనొక్కణ్ణేరా. నువ్వే నడుపు."

ఒక చుట్టు తిరిగొచ్చి చూశాను. గట్టు మీద అన్న, చేతిలోని పరాఠా తినడం మరిచిపోయి, కారునే చూస్తున్నాడు.