గంటలో కరిగిన బిందె

మా నాయన మొండిమనిషి. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, ఆదోని పక్కన మా పేటలో కొత్త చర్చి లేచింది కానీ గంట లేదు. "గంట మోగినంకనే నా కూతురి పెళ్ళి" అని పదిమందిలో అనేశాడు. పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసే మా మేనత్త కొడుకుతో నా పెళ్ళి అట్లా లేని గంటకు వేలాడింది.

పేటలో అందరూ పాత రాగి గిన్నెలూ చెంబులూ తెచ్చి పోశారు. కంచుపని చేసే తాత ఒకాయన వచ్చి చర్చి వెనక కొలిమి పెట్టాడు. వట్టి రాగి మెత్తన, కాస్త తగరం కలిస్తేనే గట్టిపడి మోగుతుందని చెప్పాడు. మా బావకు ఆ ఒక్క ముక్కే చెవికెక్కింది. తాత అన్నానికి లేచినప్పుడు, మంట చూస్తూ కూర్చున్న ఆ మహానుభావుడు బజారులో కొనుక్కొచ్చిన తగరం దిమ్మను రాగి కరుగుతున్న మూసలోకి జారవిడిచాడు. కొంచెం వేస్తేనే మోగేది, ఇంత వేస్తే ఎమ్మిగనూరుకు వినిపించదా అని ఆయన లెక్క.

గంట చల్లారాక నాయన మొదటి దెబ్బ కొట్టాడు. టంగుమని ఒక్క కూత, ఆ వెంటనే రెండు చెక్కలు. నాకు ఏడుపు ఆగలేదు.

తాత విరిగిన చోటు తిప్పి చూశాడు. "ఇదేందప్పా, పటిక పలుకు మాదిరి తెల్లగుండాది? తగరం మితంగా పడితే లోపల గింజ సన్నంగా కట్టి బిగుస్తాది. ఎక్కువైతే గాజే. ఎవురేసినారు?"

బావ చెవులు ఎర్రబడ్డాయి. "నేనే తాతా. బాగా మోగాలని ఏసినా."

"మోగేదానికి ఏసినావా, పెండ్లి తప్పించుకునేదానికి ఏసినావా?"

నాయన తప్ప అందరూ ఒకటే నవ్వు.

మళ్ళీ కరిగించి ఇంకొంత రాగి కలిపితే సరిపోతుందన్నాడు తాత. కానీ పేటలో రాగి ఎక్కడిది? మిగిలింది ఒక్కటే, నా కాపురానికని మా అవ్వ పోయేముందు ఇచ్చిన బిందె. చింతపండుతో తోమి తోమి దాచుకున్నాను. కాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కోపమూ బావ మీదే, ఇష్టమూ బావ మీదే. లేచి వెళ్ళి తాత ముందు పెట్టాను.

ఈసారి తాత బావను మిల్లుకు తరిమి మరీ కరిగించాడు. ముందు పరీక్షకని పుల్లంత కడ్డీ పోసి, చల్లారాక విరిచి చూశాడు. పటిక మెరుపు లేదు, సన్నటి గింజ. "ఇంక పాడతాది" అన్నాడు. గంట నిజంగానే పాడింది. నాయన కళ్ళు తుడుచుకుంటూ కొడుతూనే ఉంటే, చివరికి తాడు లాక్కోవాల్సి వచ్చింది.

పెళ్ళయింది. అత్తగారిల్లు రెండు సందుల అవతలే. మా అత్త సామాను చూసి, "అవ్వ ఇచ్చిన బిందె యాడమ్మా?" అనింది. అప్పుడే గంట మోగింది.

"అదిగో, ఆడ మోగతాంది" అన్నాడు బావ. "నీళ్ళు నేను తెస్తాలే."

మట్టికుండ భుజానికెత్తుకుని బావికి నడిచాడు. మగవాడు నీళ్ళు మోస్తున్నాడని సందంతా నవ్వింది. ఆయన బతికున్నన్నాళ్ళూ నన్ను బావి దగ్గరికి పోనివ్వలేదు.