లొకేషన్ చూపించిన కల్లం

తిన్న అన్నం మీద ఒట్టు. కథలల్లే తెలివే ఉంటే ఈ మస్తాను ప్రత్తిపాడులో టార్పాలిన్ పట్టలు అద్దెకిచ్చుకుంటూ ఎందుకుంటాడు? నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు చెప్పబుద్ధి కాదు.

మొన్నటి మిరపకోతలప్పుడు జరిగింది. కల్లాల్లో కాయ ఎండుతోంది. ఆ సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. రైతులు ఎగబడి పట్టలన్నీ తీసుకుపోయారు. షాపులో ఒక్కటే మిగిలింది, అన్నిటికన్నా పెద్దది. చీకటి పడ్డాక మరియమ్మ ఫోన్ చేసింది. కౌలుకు మిరప వేసుకున్న మనిషి. మొగుడు ఒంగోలు దగ్గర రాళ్ల క్వారీలో పనిచేస్తాడు. కల్లంలో మిరప రాశి దగ్గర తనొక్కతే కాపలా.

"మస్తానన్నా, మబ్బు నెత్తి మీదకొచ్చింది. ఏడాది కష్టమంతా బయటే పడుంది. కాస్త పట్ట తెచ్చిపెట్టన్నా. కల్లం లొకేషన్ పంపుతున్నా."

లొకేషన్ వచ్చింది. నొక్కాను. ట్రాలీ ఆటోలో పట్ట వేసుకుని బయలుదేరాను.

ఫోన్లో దారి చెప్పే ఆడగొంతు ఉంటుంది కదా... తెలిసిన దారిలో కూడా నేను దాన్ని ఆపను. మా ఆవిడ కరీమున్ పోయినప్పటి నుంచి ఇంట్లో నాతో మాట్లాడే దిక్కు లేదు. "ఎడమవైపు తిరగండి" అంటే "సరేనమ్మా" అంటాను. పిచ్చోడనుకోండి, పర్లేదు. కొన్ని రోజులు నాతో మాట్లాడే గొంతు అదొక్కటే.

తారురోడ్డు దిగి డొంకదారిలోకి మళ్లమంది. మళ్లాను. రెండు వైపులా పత్తిచేలు. పత్తి ఏరేసిన ఎండుకట్టె... గాలికి ఒకదానికొకటి తగులుతూ గలగల... గలగల. ఎక్కడా దీపం లేదు. మనిషి అలికిడి లేదు. ఒక్క కుక్క అయినా మొరగాలి కదా... మొరగలేదు. "మీరు గమ్యాన్ని చేరుకున్నారు" అని ఆ గొంతు కూడా ఆగిపోయింది.

ఆటో లైటులో కల్లం కనపడింది. చదును చేసిన నేల. మధ్యలో రాశి, నడుమెత్తున, నల్లగా. ఆ గుడ్డి వెలుగులో ఎరుపు తెలియలేదు గానీ ఘాటు మాత్రం ముక్కులో గుచ్చుకుంది. దగ్గొచ్చింది. "మరియమ్మా" అని పిలిచాను.

రాశి అవతల ఎవరో దగ్గారు.

హమ్మయ్య అనుకున్నాను. "అందుకో తల్లీ" అంటూ పట్ట మడత విప్పి రాశి మీదుగా అవతలికి విసిరాను.

ఇక్కడ... కాస్త నెమ్మదిగా చెప్పనివ్వండి.

అంత పెద్ద పట్టను గాలిలో ఒక్క మనిషి పరవలేడు. ఇవతల ఒకరు, అవతల ఒకరు ఉండాలి. గాలి హోరులో మాట వినపడదు. అందుకని నేనూ కరీమునూ ఒక గుర్తు పెట్టుకున్నాం. అవతలి కొస దొరకగానే తను రెండుసార్లు లాగేది. 'పట్టుకున్నా, ఇక వదులు' అని. ఆ గుర్తు మా ఆలుమగలకే తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

పట్ట వెళ్లి అవతల పడింది. కాసేపు ఏమీ లేదు... అంచు గాలికి టపటపమంటోంది. తర్వాత... ఒకసారి లాగారు.

ఇంకోసారి లాగారు.

నాకు భయం వేయలేదండీ. అది చెప్పడానికే సిగ్గుగా ఉంది. సంతోషం వేసింది. అవతలి కొస పట్టుకునే మనిషి ఉంటే ఎలా ఉంటుందో మర్చిపోయి చాలాకాలమైంది. ఇద్దరం కలిసి పట్ట బిగించాం. నా వైపు అంచు మీద రాళ్లు పెడుతూ ఏదేదో మాట్లాడాను కూడా... షాపు సంగతులు, మోకాళ్ల నొప్పి, ఒక్కడికి వండుకోబుద్ధి కాదని... అవతలి నుంచి మాట లేదు. వింటున్నట్టు మాత్రం అనిపించింది.

అప్పుడు ఫోన్ మోగింది. మరియమ్మ.

"ఏడున్నావన్నా? ఇంకా రాలేదేంది? చినుకులు పడతన్నయ్యి ఇక్కడ."

"నీ కల్లంలోనే ఉన్నా కదమ్మా. పట్ట కప్పేశాం."

"ఏ కల్లం? నేను రాశి పక్కనే నిలబడున్నా గదన్నా."

ఫోన్ దీపం అవతలికి తిప్పాను. ఎవరూ లేరు. అక్కడ ఆమె కాయ తడిసిపోతుందన్న కంగారు. రాళ్లు తన్నేసి పట్ట లాగాను. రాలేదు. గట్టిగా లాగాను. అవతల పట్టుకున్నారు... నేను లాగితే లాగుతున్నారు. నేను ఆపితే ఆపుతున్నారు.

తర్వాత... మెల్లగా... రెండుసార్లు లాగారు. ఇక వదులు అన్నట్టు.

వదిలేశాను. ఆటో ఎలా తిప్పానో నాకు తెలియదు. వాన దంచి కొట్టింది.

మరియమ్మ కాయ సగానికి పైగా పాడైంది. తెల్లారి నేను వెళ్లేసరికి నల్లబడిన కాయ వేరు చేస్తోంది.

"తప్పు నాదే అన్నా. పోయినేడు కూలీల ఆటోకి పంపిన లొకేషన్నే కంగారులో నీకు మళ్లా పంపా."

మా వైపు ఎవరైనా చేసే పొరపాటే అది. కౌలు మారితే కల్లం మారుతుంది. ఫోన్లో లొకేషన్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఇద్దరం ఆ పాత కల్లానికి వెళ్లాం. రాశి లేదు. పట్ట నేల మీద చదునుగా పరిచి ఉంది. కింద ఒక్క కాయ లేదు. నా వైపు రాళ్లు చెదిరి ఉన్నాయి. అవతలి అంచు పొడుగునా మాత్రం రాళ్లు వరసగా పేర్చి ఉన్నాయి. అవి నేను పెట్టినవి కావు.

"ఒక్కడివే ఇంత పట్ట ఎట్టా పరిచావన్నా?" అంది మరియమ్మ.

గాలికి పరుచుకుందిలే అన్నాను. ఆమె ఆ రాళ్ల వంక చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

చీకట్లో భ్రమపడ్డావంటారు. ఘాటు పట్టకు అంటిన కారందే అంటారు. అనండి, నేనూ అనుకున్నాను. కరీమునే అయ్యుంటుందనీ అనుకున్నాను... చాలా రోజులు అలా అనుకునే నిద్రపోయాను. కానీ ఒక ఆడమనిషి ఏడాది కష్టం వానలో తడుస్తుంటే పట్ట వదలకుండా పట్టుకునే మనిషి కాదు మా కరీమున్. ఆమే అయితే తనే రాళ్లు తీసి, పట్ట నా మొహాన పడేసి, ముందు అక్కడికి పొమ్మని తరిమేది.

మరి ఆ గుర్తు ఇంకెవరికి తెలుసు... నాకు తెలియదు. ఆ రాత్రి అంత సంతోషంగా, అంతసేపు, నేను ఎవరితో మాట్లాడానో... అదీ తెలియదు.