ఎడమ రెక్క దగ్గర రెండు లైట్లు

బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా చెబుతాను. ఇందులో ఒక్క ముక్క కల్పన లేదు. నవ్వేవాళ్లు ముందే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది.

తొంభైల్లో సంగతి. రాయపూర్‌లో విమానాల దగ్గర కాంట్రాక్టు పని చేసేవాణ్ణి. కంపెనీ పేరు అడగకండి. బయల్దేరే విమానాన్ని ట్రాక్టరుతో వెనక్కి నెట్టాలి. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని, పైలట్‌తో మాట్లాడుతూ ముందు చక్రం పక్కన నడవాలి. రెక్కల కొసల దగ్గర చెరొక మనిషి రెండేసి ఎర్ర టార్చీలతో నిలబడాలి. దారి బాగుంటే పైకెత్తాలి. ఏదైనా అడ్డుంటే రెండూ ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టాలి. అంటే ఆపమని.

చెరొక మనిషి అన్నాను గానీ, మాకు మనుషులెక్కడ? సూర్యం ఒక్కడే. శ్రీకాకుళం కుర్రాడు, నన్ను అన్నా అనేవాడు. కుడి రెక్క దగ్గర లైట్లు ఎత్తేవాడు. విమానం కదలగానే తోక కిందుగా పరుగెత్తి, ఎడమ రెక్క దగ్గర ఎత్తేవాడు. ప్రాణాల మీదికొచ్చే పని అది. అలా పరుగెత్తమని వాడికి చెప్పింది నేనే.

ఆ రోజు... డిసెంబరు. మధ్యాహ్నం పోవాల్సిన విమానం చీకటి పడ్డాక బయల్దేరింది. మా ఇద్దరికీ వరసగా రెండో డ్యూటీ. ముందు రాత్రి కూడా నిద్ర లేదు. నా కళ్లు ఇసుక పోసినట్టు మండుతున్నాయి. సూర్యం నడుస్తూనే తూలుతున్నాడు. ఇవాళ పరుగెత్తకురా అందామనుకున్నాను. అనడానికి కూడా ఓపిక లేకపోయింది.

నెట్టడం మొదలైంది. చెవుల్లో గుర్రుమని హోరు. విమానం కడుపు కింద ఎర్రదీపం వెలుగుతోంది... ఆరుతోంది. కుడివైపు లైట్లు లేచాయి. పోయాయి. వాడు పరుగు తీశాడన్నమాట. ఎడమవైపు చూశాను... చీకటి. ఇంకా చూశాను... చీకటే.

అప్పుడు లేచాయి. రెండు ఎర్ర లైట్లు. మనిషి ఎత్తులో. నెమ్మదిగా... చాలా నెమ్మదిగా... ఒకదాని మీదికి ఒకటి వచ్చి, అడ్డంగా ఆగాయి. సూర్యం చెయ్యి ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది. ఇవి మేకు కొట్టినట్టు కదలకుండా ఉన్నాయి.

చేతులు అడ్డం పెట్టి ట్రాక్టరు ఆపించాను. పైలట్‌తో బ్రేకు వేయించి, హెడ్‌ఫోన్ తీసేసి పరుగెత్తాను. ఎడమ రెక్క దగ్గర... ఎవరూ లేరు.

వెనక చక్రాల వైపు తిరిగి చూశాను. ఎడమ చక్రానికి మూరెడు దూరంలో సూర్యం బోర్లా పడి ఉన్నాడు. పరుగులో కాలు మడతపడి, తల నేలకు కొట్టుకుంది. చంకల కింద చేతులు వేసి పక్కకు లాగాను. వాడి టార్చీలు రెండూ పొట్ట కింద నలిగి, ఆరిపోయి ఉన్నాయి.

కాసేపటికి కళ్లు తెరిచాడు. లైట్లు చూపించింది నువ్వేనా అని అడిగాను.

"ఏ లైట్లన్నా? నానింకా అటేపు ఎల్నేదు కదా."

ట్రాక్టరు నడిపే సాహును అడిగాను. ఛత్తీస్‌గఢ్ మనిషి, దయ్యాలంటే మహా నమ్మకం. ఆ సాహు కూడా తల అడ్డంగా ఊపాడు.

"నహీ భైయా, ఉధర్ తో అంధేరా థా. అటేమీ లేదు, చీకటే. నువ్వు ఆపావు, నేను ఆపాను. బస్."

మా ఆవిడ నర్సు. రెండు రోజులు నిద్ర లేకపోతే లేనివి కనిపిస్తాయంటుంది. కావచ్చు. దేవదూత అని మా పాస్టరుగారు అన్నారు. అదీ కావచ్చు. నాకు తెలియదు.

దేవదూతో, దయ్యమో... ఏదో ఒకటి నిజంగా అక్కడ నిలబడి ఉంటే చాలు అనుకుంటాను. ఎందుకంటే ఎడమవైపు లైటు కనబడకపోతే ఆపాలని రూలు. మేం ఏనాడూ ఆపలేదు. కాస్త ఆలస్యంగా లేస్తుందిలే అనుకుని నెట్టేసేవాళ్లం. ఆ రాత్రి నాకు చీకటి తప్ప ఇంకేమీ కనబడకపోయి ఉంటే... నెట్టేసేవాణ్ణే.